రెండో నాటి నొప్పి

కాగితాల మీద నా ఉద్యోగం పేరు వ్యాయామ ఉపాధ్యాయుడు. ఊళ్ళో మాత్రం డ్రిల్లు అయ్యవారు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. ఏం నేర్పాలని అడగరు, బదిలీకి ఎవర్ని పట్టుకోవాలని అడుగుతారు. అది నాకు తెలియదు. తెలిసింది ఒక్క సంగతి. అది ఒక మనిషి తొడ వెనక కండ గురించి, దాన్ని నేను పాడుచేసిన తీరు గురించి. దాన్ని రాసిపెడితే నా తర్వాతి వాళ్ళకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను. నా గొప్పలు రాయాలంటే ఇంత కాగితం అక్కర్లేదు.

మైదానం

మా స్కూలు ఉరవకొండ ప్రాంతంలో ఒక పెద్ద ఊరికి చివర ఉండేది. ఆట మైదానానికి గోడ లేదు. మైదానం ఎక్కడ అయిపోయి వేరుశనగ చేను ఎక్కడ మొదలవుతుందో వాన పడిన ఏడే తెలిసేది. వాన లేని ఏడు అంతా ఒకే ఎర్రనేల, కనుచూపు ఆగేదాకా. తూర్పున ఒక రాతికొండ. దాని మీదికి ఎవరు, ఎప్పుడు చెక్కించారో తెలియని మెట్లు.

తెల్లవారుజామున నేను అక్కడికి చేరేసరికి నేల ఇంకా చల్లగా ఉండేది. వెలుగు కొండ వెనక ఆగి ఆగి వచ్చేది. పరుగెత్తే పిల్లల కాళ్ళ కింద లేచిన ధూళి వెంటనే కిందికి దిగేది కాదు. పిల్లలు ముందుకు పోయినా వాళ్ళ ఆకారాలే అక్కడ కాసేపు నిలబడ్డట్టు ఉండేది. ఇప్పటికీ మధ్యాహ్నం పూట కన్ను మూతపడితే నాకు ముందుగా కనిపించేది ఆ ధూళి. అందులో ఎవరి ముఖమూ తెలియదు. తర్వాత మెల్లగా ఒక్క ముఖం తెలుస్తుంది.

శబ్దం లేని వ్యాయామం

యాభైల మొదట్లో నేను మద్రాసులో శిక్షణ పూర్తి చేసుకుని వచ్చాను. అక్కడ నేర్పినవాటిలో నాకు బాగా నచ్చింది, పరుగో కసరత్తో అయినాక ఒళ్ళు సాగదీయడం. కాళ్ళు చాపి కూర్చుని వేళ్ళు అందుకోవడం, నడుం వంచి ఆగడం, గోడకు చేతులు ఆనించి పిక్కలు లాగడం. ఇవి చేస్తే మర్నాడు ఒళ్ళు నొప్పులు రావని చెప్పారు. నేను రాసుకున్నాను. రాసుకున్నది కాబట్టి నిజం అనుకున్నాను.

మా హెడ్మాస్టరుకు డ్రిల్లు పీరియడంటే తలనొప్పి. పక్క గదిలో లెక్కలు చెప్తుంటే బయట ఈలలు, అరుపులు. ఒకరోజు ఆయన వరండాలోకి వచ్చి చూసేసరికి నలభై మంది పిల్లలు నేల మీద వరసగా పడుకుని, ఒక్కో మోకాలు రొమ్ముకు లాక్కుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. గాలి తప్ప చప్పుడు లేదు. ఆయన చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది బాగుండాది అయ్యవారూ," అన్నాడు. "దీని పేరేందో గానీ, పీరియడంతా ఇదే చేయించు. ఇన్స్పెక్షనుకు వచ్చినప్పుడు కూడా ఇదే."

నవ్వులాటకు అన్నాడో నిజానికి అన్నాడో ఇప్పటికీ తెలియదు. కానీ పైవాడు మెచ్చిన పని మనకు దైవమైపోతుంది. ఏడాది తిరిగేసరికి సాగదీత నా ముద్ర అయింది. పిల్లలు దాన్ని "సాగుడు" అనేవాళ్ళు. ఎవరైనా మర్నాడు నొప్పి అని వస్తే నా దగ్గర సమాధానం తయారుగా ఉండేది: నువ్వు సరిగ్గా సాగదీయలేదు. ఈ సమాధానంలో ఉన్న సుఖం చూడండి. నొప్పి రాకపోతే నా గొప్ప. వస్తే వాడి తప్పు.

మస్తాన్

వేసవి సెలవుల్లో కానిస్టేబుల్ ఉద్యోగానికి పోదలచుకున్న ఊరి కుర్రవాళ్ళకు నేను పరుగు నేర్పేవాణ్ణి. ఎవరూ చేయమనలేదు. అది నేను చేసిన మంచి పనే, ఇప్పటికీ అంటాను. ఒక ఏడాది ఎనిమిది మంది వచ్చారు. వాళ్ళలో దూదేకుల మస్తాన్ ఒకడు. స్కూలు వదిలి కొన్నేళ్ళయింది. నాయన చనిపోయినాక దూది ఏకే విల్లు వీడి చేతికి వచ్చింది. భుజాలు, చేతులు ఆ విల్లే తయారుచేసి పెట్టింది. కాళ్ళు మాత్రం వాడి సొంతం. మైలు పరుగులో వాడి పక్కన ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

"నీకు చేతిలో పని ఉంది కదా, పోలీసెందుకు?" అని ఒకసారి అడిగాను.

"కరువు ఏడు పరుపెవరు కుట్టించుకుంటారు సార్? అందరూ చాపల మీదనే పండుకుంటాండారు," అన్నాడు. "మా అమ్మ కూలికి పోతాంది. ఆ యమ్మను ఇంట్లో కూర్చోబెట్టల్ల."

వయసు లెక్క ప్రకారం వాడికి అదే ఆఖరి ఏడు. ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళమ్మ మాబున్నికీ తెలుసు. ఆమె బావుల కింద వేసిన వేరుశనగ పీకడానికి పోయేటప్పుడు మా మైదానం పక్కనుంచి పోయేది. కొడుకు పరుగెత్తుతుంటే తట్ట నెత్తిన పెట్టుకునే కాసేపు ఆగి చూసేది. పిలిచేది కాదు. చెయ్యి ఊపేది కాదు. చూసి పోయేది.

కొండ దిగినాక

సెలక్షన్ ఇంకా నెల ఉందనగా ఎనిమిది మందినీ కొండకు తీసుకుపోయాను. మెట్ల మీద పరుగెత్తి ఎక్కడం, దూకుతూ దిగడం. పదిసార్లు. అంతకుముందు ఒక్కరోజు కూడా వాళ్ళ చేత దిగుడు చేయించలేదు. ఆ సాయంత్రం అరగంట సాగుడు చేయించాను. అందరూ చేశారు. నా కళ్ళతో చూశాను. ఈ మాట గుర్తుంచుకోండి.

మర్నాడు అందరూ బాగానే ఉన్నారు. నవ్వుకుంటూ పరుగెత్తారు. మూడో పొద్దున ఒక్కడూ సరిగ్గా నడవలేకపోయాడు. మస్తాన్ అందరికంటే ఎక్కువగా దూకాడు కాబట్టి అందరికంటే ఎక్కువగా బిగుసుకుపోయాడు. స్కూలు మెట్లు వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని దిగుతున్నాడు.

"ఏమప్పా, కొత్త పెండ్లికొడుకు మాదిరి నడుస్తాండావు?" అన్నాడు వాళ్ళలో ఒకడు.

"ఈ కాళ్ళు నావి కాదన్నా. రాత్రి ఎవడో వచ్చి మార్చిపోయినాడు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"మొన్న సాగదీసినావా?" అని అడిగాను.

"తీసినాను సార్. మీ ముందరే కదా."

"ఇంటికి పోయి, పడుకునే ముందు?"

"అప్పుడూ తీసినాను."

"తీసింటే నొప్పి రాదు."

"వచ్చింది కదా సార్."

మళ్ళీ నవ్వారు. వాడు ఎగతాళిగా అనలేదు. ఉన్న మాట చెప్పాడు. నాకు మాత్రం ఆ నవ్వంతా నా చదువు మీద పడినట్టు అనిపించింది.

"అబద్ధం చెప్తాండావు," అన్నాను.

వాడు నా ముఖంలోకి చూశాడు. "మా యమ్మ ఒక మాట అంటాది సార్. శెనక్కాయ పీకనీకి పోయిన దినం ఏం కాదంట. ఆ మర్నాడు కాక ఆ తర్వాత పట్టుకుంటాదంట. కొంచెం కొంచెం పని చేసుకుంటాంటే దాని పాటికదే పోతాదంట. అంతవరకూ దాన్ని గెలకకూడదంట."

"మీ యమ్మ డ్రిల్లు మాస్టరా?" అన్నాను.

నేను జీవితంలో అన్న మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించేవి చాలా ఉన్నాయి. వాటిలో ఇది ముందుంటుంది.

వాణ్ణి నేల మీద కాళ్ళు చాపి కూర్చోమన్నాను. వెనక నిలబడి, మోకాలు వాడి నడుముకు ఆనించి, రెండు చేతులతో వీపును ముందుకు వంచి నొక్కాను. ముప్పై లెక్కపెడతానని చెప్పాను. పదికి "సార్" అన్నాడు. పదిహేనుకు "చాలు సార్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వడం ఆపేశారు. పంతొమ్మిది దగ్గర వాడి ఎడమ తొడలో ఏదో తెగింది. పెద్ద చప్పుడేమీ లేదు. పాత గుడ్డ పిగిలినట్టు చిన్నగా. వాడి వీపంతా ఒక్కసారి వణికి మెత్తబడిపోయింది. నా చేతులకు అది తెలిసింది. అయినా "ఇరవై" అన్నాను.

ఆ ఇంటి ముందు

సైకిలు మీద వాణ్ణి ఇంటికి తీసుకుపోయాను. పొద్దెక్కిన ఎండలో ఊరు తెల్లగా వెలిసిపోయినట్టు ఉంది. వీధిలో మనుషులు ఉన్నారో లేదో గుర్తు లేదు. మాబున్ని వాకిట్లో నిలబడి ఉంది.

"ఏమాయ అయ్యవారూ?"

అప్పుడు చెప్పవలసిన మాట నా నోటి దాకా వచ్చింది. దాని బదులు వేరే మాట బయటికి వచ్చింది.

"పరుగైనాక ఒళ్ళు సాగదీయమని చెప్పినానమ్మా. వాడు మానేసినాడు. కండ బిగుసుకుపోయి తెగింది."

ఆమె కొడుకు వైపు తిరిగింది. మస్తాన్ మంచం మీద కూర్చుని తొడ పట్టుకుని ఉన్నాడు. నన్ను చూశాడు. వాణ్ణి సెలక్షనుకు తీసుకుపోవలసింది నేను. వాడి నడవడిక మీద కాగితం రాసివ్వవలసింది నేను. వాడు తల దించుకున్నాడు. ఆమె దాన్ని ఒప్పుకోలు అనుకుంది.

"అరగంట ఒళ్ళు వంచనీకి నీకేం రోగమొచ్చెరా?" అంది.

నేను సైకిలు తిప్పుకుని వచ్చేశాను.

అనంతపురంలో సెలక్షన్ నాడు వాడు తొడకు గుడ్డ బిగించి కట్టుకుని నిలబడ్డాడు. మొదటి చుట్టు అందరికంటే ముందు ఉన్నాడు. రెండో చుట్టులో కుంటు మొదలైంది. మూడో చుట్టులో ధూళిలోంచి మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వాణ్ణి దాటిపోతుంటే, వాడు నెమ్మదిగా నీళ్ళలో నడుస్తున్నట్టు కనిపించాడు. ఆగలేదు. పూర్తిగా తిరిగి, చివరివాడిగా గీత దాటాడు. మా ఎనిమిది మందిలో ముగ్గురికి ఉద్యోగం వచ్చింది. ఆ ముగ్గురూ ఏనాడూ వాణ్ణి పరుగులో గెలిచినవాళ్ళు కాదు.

ఆ తర్వాత ఏడాదో రెండేళ్ళో గడిచాక సంతలో మాబున్ని కనిపించింది. నేనే తప్పుకుని పోబోయాను. ఆమె పిలిచింది.

"మీరు వాని మంచికే చెప్పినారు అయ్యవారూ. నా కొడుకే వినల్యా. దినామూ అంటానే ఉంటా వాన్ని," అంది. కొంగులోంచి వేయించిన వేరుశనగ కాయలు దోసెడు తీసి నా చేతిలో పోసింది. "తినండి."

నేను తీసుకున్నాను. తిన్నాను కూడా.

ఒక్క కాలికి మాత్రమే

అరవైల మొదట్లో, నాకు నలభై దగ్గర పడుతుండగా, ఒక చిన్న అనుమానం వచ్చింది. స్కూల్లో పిల్లలు ఎంత బాగా సాగదీసినా ఆటల పోటీలైన రెండో రోజు కుంటుతూనే ఉన్నారు. బద్ధకస్థులు ఇంతమంది ఉంటారా? లేక నేను రాసుకున్నదే తప్పా?

తెలుసుకోవడానికి ఇంకొకరి ఒళ్ళు వాడుకోదలచుకోలేదు. ఆ మాత్రం బుద్ధి వచ్చింది. ఒక తెల్లవారుజామున ఒక్కణ్ణే కొండకు పోయాను. ఎక్కి, దూకుతూ దిగాను. కాళ్ళు వణికేదాకా చేసి, కింద బండ మీద కూర్చుని కుడికాలు మాత్రమే సాగదీశాను. బాగా, అరగంట సేపు, నేర్చుకున్న పద్ధతులన్నీ వరసగా. ఎడమకాలిని ముట్టుకోలేదు. ఎదురుగా చేలు పొగమంచులో తేలుతున్నట్టు ఉన్నాయి. కుడికాలు తేలికై హాయిగా ఉంది. నా గుండెకు కూడా ధైర్యం వచ్చింది. ఎడమకాలు నొచ్చి కుడికాలు నొవ్వకపోతే నేను చెప్పింది నిజమే. మస్తాన్ నిజంగానే మానేసి ఉంటాడు. నా పాపం సగమైపోతుంది. దాని కోసమే నేను కొండెక్కానని అప్పుడు నాకు అర్థమైంది.

రెండో రోజు పొద్దున మంచం దిగబోయాను. రెండు కాళ్ళూ ఒకేలా నొచ్చాయి.

ఒకసారికి తేలదని, నొప్పులు పూర్తిగా పోయినాక మళ్ళీ పోయాను. ఈసారి ఎడమకాలు మాత్రమే సాగదీశాను. మళ్ళీ అంతే. ఇలా ఆ చలికాలమంతా చేశాను. నా భార్య నాకు పిచ్చి పట్టిందనుకుంది. ఒకసారి కుడికాలు ఒక వీసమెత్తు తక్కువ నొచ్చినట్టు అనిపించింది. నాలుగుసార్లు నొక్కి చూసుకుంటే ఆ వీసం కూడా మాయమైంది. ఇంకొకటి కూడా తెలిసింది. ఉత్త ఎక్కుడుకు నొప్పి తక్కువ. నొప్పంతా దిగుడులో ఉంది. కొండ మీదికి తరచుగా పోతుంటే ఆ నొప్పి దానంతట అదే తగ్గుతూ వచ్చింది. వేరుశనగ చేలో కూలికి పోయే ఆడమనిషి నాకు కొడుకు చేత కబురు పంపినట్టే చెప్పిన మాట ఇది. ఆమె డ్రిల్లు మాస్టరా అని అడిగాను నేను.

కొత్తగా వచ్చేవాళ్ళకు

మీరు నా మాట ఎందుకు వినాలో నాకు తెలియదు. అయినా చెప్తాను.

పరుగైనాక ఒళ్ళు సాగదీయించండి. తప్పేమీ లేదు. ఊపిరి నెమ్మదిస్తుంది, మనసు కుదుటపడుతుంది, పిల్లలు కాసేపు ఆకాశం చూస్తారు. అది చాలదా? కానీ దానివల్ల ఎల్లుండి నొప్పి రాదని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి. కొత్త పని చేసిన ఒళ్ళు నొస్తుంది. రెండో రోజు ఎక్కువగా నొస్తుంది, నాలుగైదు రోజుల్లో పోతుంది. దిగుడు, దూకుడు ఉన్న పని కొద్దికొద్దిగా అలవాటు చేయండి. నేను చేసినట్టు ఒక్కరోజులో పదిసార్లు వద్దు. నొస్తున్న కండను చేత్తో నొక్కి లాగడం మాత్రం ఎప్పటికీ వద్దు. "చాలు సార్" అనే మాట వినపడగానే చేతులు తీసేయండి. లెక్క పూర్తి కాకపోతే కొంపలేమీ మునగవు.

మీకు తెలిసిన సంగతికీ ఎదుట ఉన్న ఒంటికీ పేచీ వస్తే ముందు ఒంటిని నమ్మండి. ఇంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు.

వాకిట్లో

తెలిసినాక కూడా నాలుగేళ్ళు పట్టింది నాకు ఆ ఇంటికి పోవడానికి. పోదామని బయల్దేరి వీధి మలుపు నుంచి తిరిగి వచ్చిన సాయంత్రాలు ఉన్నాయి. ఆ రోజు కూడా కాళ్ళు నన్ను ఎలా తీసుకుపోయాయో స్పష్టంగా లేదు. మస్తాన్ చూరు కింద కూర్చుని దూది ఏకుతున్నాడు. తెల్లటి నూగు గాల్లో తేలుతూ వాడి జుట్టు మీద, కనుబొమల మీద పడుతోంది. ఎడమకాలు చాపుకుని, కుడికాలు మడుచుకుని ఉన్నాడు.

"రాండి సార్. పరుపా, దిండా?"

"రెండూ కాదు మస్తాన్. ఒక మాట చెప్పనీకి వచ్చినాను."

కొండ సంగతి చెప్పాను. ఒక కాలు సాగదీయడం, రెండు కాళ్ళూ నొవ్వడం, అంతా. వాడు విల్లు పక్కన పెట్టి విన్నాడు. తర్వాత నవ్వు మొదలుపెట్టాడు.

"దానికి చలికాలమంతా కొండెక్కినారా సార్? నన్ను అడిగింటే చెప్తాంటి కదా." తొడ నిమురుకుంటూ, "చెప్పినాను కూడా," అన్నాడు.

"అవును. చెప్పినావు. కండ తెగింది నా చేత. నన్ను క్షమించమని అడగనీకి వచ్చినాను."

వాడి నవ్వు ఆగింది. చేతి మీది దూది దులుపుకున్నాడు.

"నాకెందుకు సార్ చెప్పేది? నాకు తెలిసిందే కదా. ఆ కాలు నాదే," అన్నాడు. "మా యమ్మకు చెప్పండి. నాకు ఉద్యోగం రాకపోయిందానికి కాదు సార్. వాన రాని ప్రతి ఏడూ, పొయ్యి వెలగని ప్రతి దినమూ, ఒళ్ళు వంచనీకి బద్ధకమైనోడు అంటాది నన్ను. నా పెండ్లాం ముందర కూడా అంటాది. నేను ఎట్ల చెప్పినా నమ్మదు. అయ్యవారు అబద్ధం చెప్తాడా అంటాది."

మాబున్ని వాకిట్లో ఎండలో కూర్చుని చేటలోకి కాయలు ఒలుస్తోంది. బాగా ముసలిదైపోయింది. నేను దగ్గరికి పోయి, వంగి, నెమ్మదిగా చెప్పాను. ఆమె ముఖం ఎత్తి చూసింది.

"ఏందీ?"

"గట్టిగా చెప్పల్ల సార్," అన్నాడు మస్తాన్ వెనకనుంచి. "చెవులు పోయినాయి."

మళ్ళీ చెప్పాను. మళ్ళీ "ఏందీ?" అంది. బాయి నుంచి వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు బిందెలతో నిలబడిపోయారు. ఎదురింటి అరుగు మీద బీడీలు చుట్టుకుంటున్నవాళ్ళు తలలు తిప్పారు. మైదానంలో నలభై మందికి వినపడేలా అరవడం నా వృత్తి. ఆ గొంతు ఈ ఒక్క పనికి రానంటోంది. ఎలాగో తెచ్చుకున్నాను.

"మస్తాన్ నేను చెప్పిందంతా చేసినాడమ్మా! వాడు ఏదీ మానల్యా! నొప్పిగా ఉండాదంటే వినకుండా నేను నొక్కినాను! నా చేతుల కిందనే కండ తెగింది! మీకు నేను అబద్ధం చెప్పినాను!"

మాబున్ని చేతిలో ఒలిచిన కాయ అలాగే ఉంది. ఆమె నన్ను చాలాసేపు చూసింది. ఆ కళ్ళలో కోపం వస్తుందేమోనని చూశాను, వస్తే బాగుండుననిపించింది. రాలేదు. ఆమె చూపు నన్ను దాటి, చూరు కింద కాలు చాపుకుని కూర్చున్న కొడుకు దగ్గరికి పోయి అక్కడ ఆగింది.

"మస్తానూ," అంది.

నేను నిలబడే ఉన్నాను. ఆమె చేట పక్కన పెట్టి, నేలకు చెయ్యి ఆనించి మెల్లగా లేచింది. లేస్తూ నా వైపు చూడకుండానే అంది:

"నువ్వు పో అయ్యవారూ. ఇంకో దినం వస్తే కూర్చుందువు. ఈ పొద్దు నేను నా కొడుకుతో మాట్లాడల్ల."